దోహాలో సర్వర్ పెట్టేవాళ్లకు తలకిందుల సలహాలు

దోహాలో చిన్న ట్రేడింగ్ కంపెనీలకు, కాంట్రాక్టింగ్ కంపెనీలకు కొదవలేదు. వాటిలో ఐటీ డిపార్టుమెంటు అంటే చాలాచోట్ల ఒకే ఒక్క మనిషి. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, సీసీటీవీ ఆగినా, ఎండీ గారి ఫోన్లో మెయిల్ రాకపోయినా అతన్నే పిలుస్తారు. ఆ ఒక్క మనిషి తరచూ మనవాడే. నిజామాబాద్ నుంచో కడప నుంచో వచ్చి, నజ్మాలోనో బిన్ మహమూద్‌లోనో నలుగురితో గది పంచుకుంటూ, అమీర్‌పేటలో నేర్చుకున్న లినక్స్ ఎప్పటికైనా అక్కరకొస్తుందని చూస్తుంటాడు. ఏదో ఒక ఆదివారం మేనేజర్ పిలిచి, ‘ఫైళ్లకు, కంపెనీ వెబ్‌సైట్‌కు ఒక సర్వర్ పెట్టు. లైసెన్సులకు మాత్రం బడ్జెట్ లేదు’ అంటాడు. ఈ వ్యాసం ఆ తమ్ముడి కోసం, అదే పనిలో ఉన్న చెల్లెళ్ల కోసం.

నేను చెప్పబోయేవి చాలామటుకు మీ సీనియర్లు చెప్పినవాటికి, వీడియోల్లో చూపించేవాటికి ఎదురు పోతాయి. వినగానే ‘ఇదేం తిక్క సలహా’ అనిపిస్తుంది. అందుకే ప్రతిదానికీ కారణం కూడా చెబుతాను. కారణం నచ్చకపోతే సలహా వదిలేయండి.

డబ్బు కట్టక్కర్లేని సర్వర్ లినక్స్‌లలో డెబియన్ ఉంది, ఉబుంటు ఉంది, రాకీ ఉంది. ఏది పెట్టినా తప్పులేదు. నా ఓటు ఆల్మాలినక్స్‌కు. గల్ఫ్ ఉద్యోగ ప్రకటనల్లో రెడ్‌హ్యాట్ అనుభవం అడుగుతుంటారు. ఆల్మా మీద నేర్చుకున్నది రెడ్‌హ్యాట్ మీద దాదాపు యథాతథంగా పనిచేస్తుంది. దాని పుట్టుక కథ కూడా మీకు తెలిసి ఉండాలి. రెడ్‌హ్యాట్ బయటపెట్టే సోర్సుకోడ్‌ను తిరిగి బిల్డ్ చేసి ఉచితంగా ఇచ్చే సెంటోస్ 2004 నుంచి ఉండేది. ప్రపంచంలో సగం హోస్టింగ్ కంపెనీలు దాని మీదే బతికాయా అన్నంతగా వాడారు. 2020 డిసెంబర్ 8న రెడ్‌హ్యాట్ ఒక ప్రకటన చేసింది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనుకున్న సెంటోస్ 8 ఆయుష్షు 2021 డిసెంబర్ 31తోనే ముగుస్తుందని చెప్పింది. దాన్ని నమ్మి అప్పుడే సర్వర్లు మార్చినవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. ఆ ఖాళీలోకి రెండు వచ్చాయి. క్లౌడ్‌లినక్స్ అనే కంపెనీ మొదలుపెట్టిన ఆల్మాలినక్స్ 2021 మార్చి 30న విడుదలైంది. ఆ తర్వాత దాన్ని లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతుల్లో పెట్టారు. సెంటోస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్జర్ రాకీ లినక్స్‌ను ప్రారంభించారు, అది అదే ఏడాది జూన్‌లో వచ్చింది.

ఇక మొదటి తలకిందుల మాట: కొత్తది పెట్టకండి. ఆల్మాలినక్స్ 10 వెర్షన్ 2025 మేలోనే వచ్చేసింది. అయినా ఒంటి మనిషి నడిపే ఆఫీసుకు నేను 9 పెట్టమనే చెబుతాను. అది 2022 మేలో వచ్చింది, దానికి భద్రతా అప్‌డేట్లు 2032 మే 31 వరకు అందుతాయి. దాని కెర్నెల్ నంబరు 5.14. మీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో 6తో మొదలయ్యే నంబరు ఉంటుంది, మీది చూసి అతను నవ్వుతాడు. నవ్వనివ్వండి. అకౌంట్స్‌వాళ్ల సాఫ్ట్‌వేరు, బ్యాకప్ ప్రోగ్రాం, ఎప్పుడో కొన్న సర్వర్లోని రెయిడ్ కార్డు ఇవన్నీ 9 మీద నడిచి నిగ్గుతేలినవి. రెడ్‌హ్యాట్ వదిలేసిన కొన్ని పాత రెయిడ్ కార్డుల డ్రైవర్లను 9.4 నుంచి ఆల్మా మళ్లీ చేర్చింది కూడా. స్టోర్ రూములో మూలన పడున్న పాత సర్వర్‌ను లేపి పని చేయించాల్సినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

కొత్తదనం మీద మోజు ఎంత ప్రమాదమో 2024 మార్చి 29న లోకమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ మెషీన్లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. మరొకరైతే పట్టించుకోరు. ఆయన వదలకుండా తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. ఆ ప్రాజెక్టులో నమ్మకం సంపాదించుకోవడానికి ఆ మనిషి ఏళ్ల తరబడి ఓపిగ్గా పనిచేశాడు. ఆ వెర్షన్లు అప్పటికే డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా కొత్త బిల్డ్‌లలోకి, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌లోకి చేరిపోయాయి. ఆల్మాలో మాత్రం పాత ఎక్స్‌జెడ్ ఉంది. తాజా సరుకు తీసుకోని సర్వర్లకు ఏమీ కాలేదు.

కొత్త వెర్షన్ వద్దన్నానే గానీ అప్‌డేట్ వద్దనలేదు. ఈ తేడా తెలియకే చాలామంది ‘నడుస్తున్నదాన్ని కదపకు’ అని ఏళ్ల తరబడి అప్‌డేట్ కొట్టరు. 2024 జూలై 1న ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌లో రెగ్రెష్షన్ అనే లోపం బయటపడినప్పుడు ఆల్మా 9 సిరీస్ అందులో ఇరుక్కుంది. ఆల్మా ఆ రోజే మరమ్మతు చేసి ఇచ్చింది, రెడ్‌హ్యాట్ ప్యాకేజీ కోసం ఎదురుచూడలేదు. అలా చేయగలగడానికి కారణముంది. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ తన సోర్సుకోడ్‌ను, పాత సెంటోస్ స్థానంలో నిలిపిన సెంటోస్ స్ట్రీమ్‌కు, తన కస్టమర్లకు పరిమితం చేసింది. అప్పుడు ఆల్మావాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. ప్రతి లైనునూ కాపీ కొట్టక్కర్లేదు, రెడ్‌హ్యాట్ మీద నడిచే ప్రోగ్రాం మా దాని మీద నడిస్తే చాలు అన్నారు. ఆ వెసులుబాటు వల్లే రెగ్రెష్షన్ రోజున ముందడుగు వేయగలిగారు. ఆ మరమ్మతు మీ సర్వర్లోకి రావాలంటే డీఎన్ఎఫ్ అప్‌గ్రేడ్ అని కొట్టాల్సింది మాత్రం మీరే.

దీనితోనే ముడిపడిన ఇంకో చిక్కుంది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు స్కానర్ నడిపి, అపాచీ నంబరు పాతదంటూ ఎర్రగా రిపోర్టు ఇస్తారు. కంగారుపడి వేరేచోటి నుంచి కొత్త అపాచీ తెచ్చి పెట్టకండి. ఈ తరహా లినక్స్‌లలో నంబరు మారదు, లోపాల మరమ్మతును మాత్రం వెనక్కి తెచ్చి పాత నంబరులోనే కలుపుతారు. ఆర్‌పీఎం కమాండ్‌తో ఆ ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ తీస్తే ఏ సీవీఈ నంబరు లోపాన్ని ఎప్పుడు సరిచేశారో వరసగా ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి ఆడిటర్ ముందు పెట్టండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రాఫికల్ స్క్రీన్ పెట్టకండి. నేర్చుకునేవాళ్లకు మౌసు ఉంటే తేలిక అని అందరూ చెబుతారు, నేను ఒప్పుకోను. మినిమల్ ఐఎస్ఓ దించుకుని, చెక్‌సమ్ సరిచూసుకుని, మినిమల్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి. నల్ల తెర, లాగిన్ అని ఒక మాట, అంతే. ప్యాకేజీలు ఎంత తక్కువ ఉంటే లోపాలు అంత తక్కువ, అప్‌డేట్లు అంత తక్కువ. పైగా కమాండ్ టైపు చేసి చేసిన పనిని కాగితం మీద రాసుకోవచ్చు, రేపు మళ్లీ అచ్చంగా అలాగే చేయవచ్చు. మౌసుతో ఎక్కడ నొక్కారో వారం తర్వాత మీకే గుర్తుండదు. కంటితో చూసే సౌకర్యం తప్పనిసరైతే కాక్‌పిట్ పెట్టుకోండి, 9090 పోర్టులో బ్రౌజర్లో వస్తుంది. ఆ పోర్టు ఫైర్‌వాల్‌లో మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. వాడనివాళ్లు మూసేయాలి, వాడేవాళ్లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు.

ఇప్పుడు ఎస్ఈలినక్స్, అంటే ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టుకోవచ్చో చూసే కాపలా. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మనవాళ్లు మొదట ఆపేది దీన్నే. ఇన్‌స్టాల్ అవ్వగానే ఎస్ఈలినక్స్ ఆపు, ఫైర్‌వాల్ ఆపు, తర్వాతే మిగతా పని అని నేర్పే కోర్సులు, వీడియోలు బోలెడు. నా సలహా: అది విసిగించినప్పుడే ఉంచండి. విసిగిస్తోందంటే పని చేస్తోందన్నమాట.

ఎలా విసిగిస్తుందో చూడండి. కంపెనీ వెబ్‌సైట్ ఫైళ్లను మీ హోమ్ ఫోల్డర్లో తయారుచేసి, ఎంవీ కమాండ్‌తో వెబ్ ఫోల్డర్లోకి జరిపారు. ఎన్‌జిన్ఎక్స్ నడుస్తోంది. ఫైర్‌వాల్‌లో హెచ్‌టీటీపీ తెరిచారు. ఫైళ్ల పర్మిషన్లు చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. బ్రౌజర్లో మాత్రం 403 ఫర్బిడన్. నెట్‌లో వెతికితే ‘సెట్ఎన్‌ఫోర్స్ 0 కొట్టు’ అంటారు. కొట్టగానే పేజీ వస్తుంది. ప్రాణం లేచొస్తుంది. ఎందుకైనా మంచిదని కాన్ఫిగ్ ఫైల్లో కూడా డిజేబుల్డ్ అని రాసేస్తారు. ఆ సర్వర్ ఆ తర్వాత బతికినన్నాళ్లూ అలాగే ఉండిపోతుంది.

అసలు జరిగింది వేరు. ఖతార్ ఐడీ మీద మన పేరుతో పాటు వృత్తి కూడా ముద్రించి ఉంటుంది కదా, ఎస్ఈలినక్స్ ప్రతి ఫైలుకూ అలాంటి చీటీ అతికిస్తుంది. ఎల్ఎస్ కమాండ్‌కు పెద్ద జెడ్ తగిలిస్తే ఆ చీటీ కనబడుతుంది. హోమ్ ఫోల్డర్లో పుట్టిన ఫైలు మీద ‘యూజర్ హోమ్’ అని ఉంటుంది. ఎంవీతో జరిపితే పాత చీటీ వెంట వస్తుంది, సీపీతో కాపీ చేస్తే కొత్త చోటి చీటీ పడుతుంది. వెబ్ సర్వర్‌కు వెబ్ కంటెంట్ చీటీ ఉన్నవి తప్ప ఎవరి హోమ్ ఫోల్డర్ ఫైళ్లూ చదివే అనుమతి లేదు. అందుకే 403. రీస్టోర్‌కాన్ అనే కమాండ్‌ను ఆ ఫోల్డర్ మీద ఒక్కసారి నడిపితే చీటీలన్నీ మారతాయి, పేజీ వస్తుంది. కాపలా మనిషిని ఇంటికి పంపనక్కర్లేదు. ఎన్‌జిన్ఎక్స్ వెనక ఇంకో అప్లికేషన్‌కు కనెక్షన్ ఇవ్వాల్సివస్తే, హెచ్‌టీటీపీడీకి నెట్‌వర్క్ కనెక్ట్ అనుమతిచ్చే బూలియన్ ఒకటి ఉంది, దాన్ని ఆన్ చేయాలి. ఏది ఎందుకు ఆగిందో ఆడిట్ లాగ్‌లో రాసే ఉంటుంది. చదవడం అలవాటైతే నెల తిరిగేసరికి భయం పోతుంది.

ఈ దేశంలో ఉండి వెబ్ సర్వర్ భద్రతను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 2017 మే 24న ఖతార్ న్యూస్ ఏజెన్సీ వెబ్‌సైట్‌ను హ్యాక్ చేసి, అమీర్ అనని మాటలు ఆయన అన్నట్టుగా పెట్టారు. జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకుని దిగ్బంధం విధించాయి. సౌదీ పాలు ఆగిపోయి షాపుల్లో టర్కీ పాల డబ్బాలు కనిపించిన రోజులు ఇక్కడున్నవాళ్లకు గుర్తుంటాయి. ఆ దిగ్బంధం 2021 జనవరి దాకా సాగింది. గొడవకు పాత కారణాలు చాలా ఉన్నాయి, నిప్పు మాత్రం ఒక వెబ్‌సైట్ దగ్గర రాజుకుంది.

పాస్‌వర్డ్ ఎంత పెద్దది పెట్టాలి అని అడుగుతారు. సర్వర్లోకి పాస్‌వర్డ్‌తో వచ్చే దారే మూసేయండి. ఎస్ఎస్‌హెచ్ కీ తయారుచేసుకోండి, ఈడీ25519 రకం చాలు. పబ్లిక్ భాగం సర్వర్లో, ప్రైవేటు భాగం మీ ల్యాప్‌టాప్‌లో. ఆ కీకి పాస్‌ఫ్రేజ్ తప్పనిసరి, మనం నలుగురితో గది పంచుకునేవాళ్లం. సెట్టింగు మార్చేటప్పుడు ఉన్న కనెక్షన్ మూయకుండా రెండో విండోలో లాగిన్ అయి చూసుకోండి. లేకపోతే మీ ఇంటికి మీరే బయట తాళం వేసుకుంటారు. 9లో రూట్‌కు పాస్‌వర్డ్‌తో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ మొదటి నుంచీ బందే, దాన్ని మళ్లీ తెరవకండి.

గడియారం దోహా టైములో పెట్టకండి. యూటీసీలో పెట్టండి. దోహా దానికి 3 గంటలు ముందు, హైదరాబాద్ 5.30 గంటలు ముందు. అర్ధరాత్రి హైదరాబాద్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌వాళ్లతో కలిసి లాగ్ చూస్తున్నప్పుడు ఎవరి టైము ఎవరిదని వాదించుకునే పని తప్పుతుంది.

‘నా సర్వర్ రెండేళ్లుగా రీబూట్ కాలేదు’ అని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. ఆ రెండేళ్లలో వచ్చిన కెర్నెల్ మరమ్మతులు ఏవీ అమల్లోకి రాలేదని దాని అర్థం. డిస్కు మీద కొత్త కెర్నెల్ ఉంటుంది, మెమరీలో పాతదే నడుస్తుంటుంది. నీడ్స్ రీస్టార్టింగ్ అనే కమాండ్ రీబూట్ అవసరమో కాదో చెబుతుంది. అవసరం లేకపోయినా అప్పుడప్పుడు కావాలని రీబూట్ చేయండి. శుక్రవారం పొద్దున, జుమ్మాకు ముందు, ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు చేస్తే సరి. ఏ సర్వీసును ఎనేబుల్ చేయడం మర్చిపోయారో, ఏ డిస్కు మౌంటును ఎఫ్‌స్టాబ్‌లో రాయలేదో అప్పుడే బయటపడుతుంది. అదే ఆగస్టు మధ్యాహ్నం ఏసీ ఆగి సర్వర్ దానంతట అదే ఆరిపోయాక బయటపడితే మీ చుట్టూ పదిమంది నిలబడి ఉంటారు. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష రాయాలనుకునేవాళ్లకూ ఇదే పనికొస్తుంది. అది ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చే పరీక్ష కాదు, మెషీన్ మీద పని చేసి చూపించాలి, చేసిన మార్పు రీబూట్ తర్వాత కూడా నిలబడాలి. 300కు 210 రావాలి. డంపులు బట్టీ పట్టి వెళ్లినవాళ్లు అక్కడే బోల్తాపడతారు.

అన్నిటికన్నా తిక్కగా వినిపించే మాట ఇది: మీ సర్వర్‌ను చంపి చూడండి. నడుస్తున్నదాన్ని కాదు, దాని బ్యాకప్ నుంచి వేరే మెషీన్ మీద కొత్తగా లేపండి. వెబ్‌సైట్ వచ్చిందా, ఫైళ్లు తెరుచుకుంటున్నాయా, డేటాబేసులో నిన్నటి ఎంట్రీ ఉందా చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత ఆ మెషీన్ తుడిచేయండి. మూడు నెలలకోసారి ఇది చేయాలి. బ్యాకప్ తీసిన డిస్కు సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండకూడదు. 2012 ఆగస్టులో షమూన్ వైరస్ సౌదీ ఆరామ్‌కోలో సుమారు 30,000 కంప్యూటర్లను తుడిచిపెట్టింది. అదే నెలలో ఖతార్‌లోని రాస్‌గ్యాస్ ఆఫీసు నెట్‌వర్క్ కూడా వైరస్ దెబ్బకు ఆగిపోయింది. ఆరామ్‌కోలో పోయినవి విండోస్ మెషీన్లు, అయినా లినక్స్ వాడుతున్నాం కదా అని గుండెమీద చేయి వేసుకుని పడుకోకండి. డబ్బు కోసం లినక్స్ సర్వర్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ చాలాకాలంగా ఉంది.

ప్రయోగాలన్నీ మీ సొంత మెషీన్ మీదే చేయాలి. పక్క ఆఫీసు నెట్‌వర్క్‌లో లోపం ఉందని తొంగిచూసి చూపిస్తే మెచ్చుకుంటారనుకోవద్దు. 2014 నాటి సైబర్ నేరాల చట్టం, అంటే 14వ నంబరు చట్టం ప్రకారం అనుమతి లేకుండా మరొకరి సిస్టంలోకి పోవడం నేరం. ఉద్యోగుల పాస్‌పోర్టు కాపీలు, జీతాల ఫైళ్లు ఆ సర్వర్లో పెడతారు కాబట్టి 2016 నాటి 13వ నంబరు చట్టం, వ్యక్తిగత సమాచార రక్షణది, అది కూడా చదువుకోండి. గల్ఫ్ దేశాల్లో అలాంటి చట్టం తెచ్చిన మొదటి దేశం ఖతార్.

మేనేజర్ దగ్గర ‘ఇది ఫ్రీ సార్’ అనకండి. ఆ మాట విన్నాక బ్యాకప్ డిస్కుకు కూడా డబ్బివ్వరు. లైసెన్సు ఖర్చు లేదని చెప్పి, ఆ వెంటనే కాగితం మీద లెక్క పెట్టండి: రెండు డిస్కులు, ఒక యూపీఎస్, వారానికి ఇన్ని గంటల నా సమయం, ఏడాదికి ఒక పరీక్ష ఫీజు. కంపెనీ వాడే పెద్ద సాఫ్ట్‌వేర్‌కు రెడ్‌హ్యాట్ మీదే సపోర్టు ఇస్తామని అమ్మినవాళ్లు అంటే, రెడ్‌హ్యాట్ కొనమనే చెప్పండి. ఆల్మా మీద అభిమానంతో కంపెనీని ఇరికించకూడదు.

చివరి సలహా మింగుడుపడటం కష్టం. మీరు లేకపోయినా సర్వర్ నడిచేట్టు చేయండి. పాస్‌వర్డులు మన దగ్గరే ఉంటే ఉద్యోగం పదిలం అని గల్ఫ్‌లో చాలామంది నమ్ముతారు. ఊళ్లో నాన్నకు బాగోలేదని రాత్రికి రాత్రి టికెట్ కొనుక్కుని వెళ్లాల్సిన మనుషులం మనం. ఆసుపత్రి వరండాలో నిలబడి ఆఫీసు ఫోనుకు రూట్ పాస్‌వర్డ్ చెప్పే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఏ కమాండ్‌తో ఏం పెట్టారో, బ్యాకప్ ఎక్కడుందో, ఎలా తిరిగి లేపాలో తేలిక ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి, సీలు వేసిన కవరులో మేనేజర్‌కు ఇవ్వండి, తేదీ వేసి సంతకం తీసుకోండి. 2020 తర్వాత ఖతార్‌లో కంపెనీ మారడానికి పాత యజమాని నుంచి ఎన్‌ఓసీ అక్కర్లేదు. ఆ రెండు పేజీలు రాయగలిగిన మనిషికి వేరేచోట ఎక్కువ జీతం దొరుకుతుంది, దాచుకున్న పాస్‌వర్డు ఎక్కడా పనికిరాదు.

ఇది చదవడం అయ్యాక ఒక పని చేయండి. మీ ఆఫీసు సర్వర్లో లాగిన్ అయి ఓఎస్ రిలీజ్ ఫైలు తెరిచి చూడండి. సెంటోస్ 7 అని కనిపిస్తే, 2024 జూన్ 30తో దాని అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆల్మావాళ్ల ఎలివేట్ పరికరంతో 7 నుంచి 8కి, అక్కడి నుంచి 9కి ఎక్కించవచ్చు. ఇంకా మేలైన దారి, పక్కన కొత్తగా 9 పెట్టి డేటా జరుపుకోవడం. ఏ దారైనా సరే, వచ్చే ఆదివారం పొద్దున్నే మేనేజర్ దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పండి, నోటితో చెప్పాక మెయిల్ కూడా పెట్టండి.